ఆగింది ఊపిరా... గుండెనా?

*క్లోరోఫాం ఇచ్చిన రోగి ఎందుకు చనిపోతున్నాడో తేల్చడానికి నూట ముప్పై ఏళ్ల కిందట నిజాం వెయ్యి పౌన్లు ఇస్తానన్నాడు. లండన్ నుంచి నిపుణుడు ఓడెక్కి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. చివరికి హైదరాబాద్ చెప్పిన జవాబు సగం తప్పని తేలింది. వైద్య చరిత్రను పరిశోధించేవాళ్లు ఆ తప్పునే ఎందుకు అంత శ్రద్ధగా చదువుతున్నారు?*

1889 డిసెంబరులో హైదరాబాద్ నుంచి లండన్‌కు ఒక తంతి వెళ్లింది. పంపినవాడు సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రి వైద్యుడు లాడర్ బ్రంటన్. అందుకున్నది 1823 నుంచీ నడుస్తున్న వైద్య పత్రిక 'లాన్సెట్'. దాని సారాంశం ఇది: క్లోరోఫాంతో వచ్చే ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, లేదా మోతాదు మించడం వల్ల. గుండె మీద దానికి నేరుగా ఏ దెబ్బా లేదు.

బ్రంటన్ చిన్నవాడు కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లోనే చూపించినవాడు. పైగా ఇండియాకు బయల్దేరేటప్పుడు ఆయన నమ్మకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. క్లోరోఫాం గుండెను ఆపేస్తుందనే అనుకున్నాడు. అలాంటి మనిషి రెండు నెలల్లో మాట మార్చాడంటే వైద్యలోకం ఉలిక్కిపడక ఏం చేస్తుంది?

'హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్' గురించి మనవాళ్లు రాసేటప్పుడు కథ సాధారణంగా ఇక్కడే ముగుస్తుంది. ప్రపంచానికి మత్తుమందు పాఠం చెప్పిన నగరం అని ఒక వాక్యం రాసి ముగిస్తారు. వైద్య చరిత్రకారులు మాత్రం అక్కడి నుంచే పని మొదలుపెడతారు. ఎందుకంటే ఆ తంతిలోని రెండో మాట నిలబడలేదు.

గోరు తీయబోతే ప్రాణం పోయింది

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ పీల్పించి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయించాడు. ఏడాది తిరిగేసరికి, 1847 నవంబరు 4 రాత్రి, ఎడిన్‌బరోలో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఇద్దరు మిత్రులతో కలిసి క్లోరోఫాం పీల్చి చూశాడు. ముగ్గురూ సొమ్మసిల్లారు. లేచాక, దొరికింది మందు అనుకున్నారు. ఈథర్‌లాగా ఘాటు లేదు. గొంతు మంట లేదు. చేతిరుమాలు మీద కొన్ని చుక్కలు చాలు. వారాల్లోనే యూరప్ అంతా పాకింది.

మూడు నెలలు తిరక్కుండానే తొలి దెబ్బ. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర వింలాటన్ అనే ఊళ్లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలివేలి గోరు తీయాల్సి వచ్చింది. అంతకుముందు ఇంకో వేలికి ఈథర్ ఇచ్చి చేయించుకున్న పిల్లే. అయినా ఈసారి భయపడింది, ఏడ్చింది. క్లోరోఫాం రుమాలు ముక్కుకు పట్టిన రెండు మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది. గోరు తీసే పాటి చిన్న పనికి ఆరోగ్యంగా ఉన్న పిల్ల చనిపోవడం ఏమిటి? తెలివి తెప్పించాలని నోట్లో పోసిన నీళ్లూ బ్రాందీయే ఊపిరాడకుండా చేశాయని సింప్సన్ వాదించాడు. కాదు, గుండె ఆగిందని ఇంకొందరు అన్నారు.

ఆ తగాదా తర్వాత అరవై ఏళ్లకు పైగా సాగింది.

ఎడిన్‌బరో ఒక దారి, లండన్ ఒక దారి

లండన్‌లో జాన్ స్నో ఉన్నాడు. 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లకూ కలరాకూ ఉన్న లంకె పట్టుకున్నది ఈయనే. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫాం ఇచ్చిందీ ఈయనే. మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న తొలితరం వైద్యుడు. క్లోరోఫాం మరణాలను ఒక్కొక్కటిగా సేకరించి, విడగొట్టి చూశాడు. ఆవిరి చిక్కగా లోపలికి పోతే గుండె ఒక్కసారిగా ఆగుతుంది, కాబట్టి ఎంత శాతం ఇస్తున్నామో కొలిచి ఇవ్వాలి అన్నది ఆయన నిర్ధారణ. ఆయన పుస్తకం 1858లో, ఆయన పోయిన తర్వాత అచ్చయింది.

ఎడిన్‌బరో దారి వేరు. అక్కడి సర్జన్ జేమ్స్ సైమ్ తన శిష్యులకు నేర్పిన సూత్రం చాలా చిన్నది. నాడి పట్టుకుని కూర్చోకు, ఊపిరి చూడు. ఊపిరి సరిగ్గా ఆడుతున్నంతసేపూ రోగికి ఏమీ కాదు. యంత్రాలక్కర్లేదు, మడత పెట్టిన గుడ్డ చాలు.

1864లో లండన్ సంఘం ఒకటి, 1880 నాటికి గ్లాస్గో సంఘం ఇంకొకటి ఈ సంగతి పరీక్షించాయి. రెండూ గుండె వైపే మొగ్గాయి. రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతోందని గ్లాస్గో వాళ్లు తేల్చారు. వైద్య శాస్త్రంలో ఈ ముచ్చట ముగిసిందనే చాలామంది అనుకున్నారు.

రెసిడెన్సీ సర్జన్ పంతం

ముగియలేదు. సైమ్ శిష్యుల్లో ఎడ్వర్డ్ లారీ ఒకడు. లాహోర్‌లో పనిచేసి 1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. ఇప్పుడు కోఠిలో మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆవరణే అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1846లో మొదలైన హైదరాబాద్ వైద్య పాఠశాల కూడా ఆయన చేతి కిందే ఉండేది. అఫ్జల్‌గంజ్ దవాఖానాలోనూ ఆయన మాటే చెల్లుబాటు. ఇండియాలో వేలాది మందికి క్లోరోఫాం ఇప్పించాననీ, గురువు చెప్పినట్టు ఊపిరి మాత్రమే చూస్తే మరణాలుండవనీ ఆయన ధీమా.

ధీమా సరిపోదు, రుజువు కావాలి. 1888లో నిజాం ప్రభుత్వ సాయంతో మొదటి కమిషన్ వేశాడు. పాట్రిక్ హెహిర్ లాంటి స్థానిక వైద్యాధికారులు అందులో సభ్యులు. వందకు పైగా వీధికుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. గురువు గెలిచాడని లారీ చాటాడు.

లాన్సెట్ ఒప్పుకోలేదు. ఇంతకాలం ఇంతమంది చూసినది అబద్ధమా, ఎక్కడో హైదరాబాద్‌లో చూసినది నిజమా అన్న ధోరణిలో పెదవి విరిచింది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఎవరూ ఊహించని పని చేసింది. మీకు నమ్మకమున్న మనిషిని మీరే పంపండి, ఖర్చుకు వెయ్యి పౌన్లు మేమిస్తాం అంది. దివాను ఆస్మాన్ జా కాలం అది. విమర్శించిన పత్రికకే డబ్బిచ్చి పరీక్షకు పిలవడం వైద్య చరిత్రలో అరుదైన సంగతి. లాన్సెట్ కాదనలేకపోయింది. బ్రంటన్ వచ్చాడు.

మసి కాగితం మీద గీత

1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో కమిషన్ పని సాగింది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ ముఖ్య సభ్యులు. కుక్కలతో పాటు కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేశారు. వందకు పైగా వాటిలో రక్తపోటును యంత్రంతో రాయించారు.

ఆ యంత్రం పేరు కైమోగ్రాఫ్. జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్ దీన్ని 1847లో, అంటే క్లోరోఫాం మత్తుమందుగా మారిన ఏడే, లోకానికి పరిచయం చేశాడు. నున్నటి కాగితాన్ని ఒక లోహపు డోలుకు చుట్టి, పొగ మీద తిప్పి మసి పట్టిస్తారు. గడియారం లాంటి చక్రాలతో ఆ డోలు మెల్లగా తిరుగుతుంది. జంతువు ధమనిలో పెట్టిన గొట్టం రక్తపోటును పీడనం కొలిచే మానోమీటర్‌కు అందిస్తుంది. దానికి తగిలించిన సూది డోలును ఆనుకుని పైకీ కిందికీ కదులుతూ మసిని గీకుతుంది. నల్లటి కాగితం మీద తెల్లటి గీత పడుతుంది. ఇంకో సూది ఊపిరిని రాస్తుంది. పని అయ్యాక కాగితం తీసి, మసి రాలిపోకుండా వార్నిష్‌లో ముంచి ఆరబెడతారు.

ఈ గీతలు చదవడం పెద్ద విద్యేమీ కాదు. క్లోరోఫాం మొదలైన చోట రక్తపోటు గీత మెల్లగా వాలుగా దిగుతుంది. కొంత దూరం వెళ్లాక ఊపిరి గీతలోని అలలు చిన్నవై, చదునైపోతాయి. రక్తపోటు గీతలో గుండె కొట్టుకునే చిన్న ముళ్లు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఊపిరి ఆగాక కూడా గుండె కొట్టుకుంటోంది! లారీ వాదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కమిషన్ అంతటితో ఊరుకోలేదు. జబ్బు గుండె అయితే ఏమవుతుందో చూడాలని కొన్ని జంతువులకు భాస్వరం పెట్టి గుండెకు కొవ్వు పట్టేలా చేసి, ఆ తర్వాత క్లోరోఫాం ఇచ్చారు. మత్తు సరిగ్గా ఎక్కకముందే కత్తి పెడితే ప్రాణం పోతుందన్న నమ్మకం ఉండేది కాబట్టి, అలాంటి ఆపరేషన్లూ చేసి చూశారు. వాళ్లు వెతికిన మరణం ఒక్కటీ కంటపడలేదు. గీతలన్నిటినీ ఫొటోలు తీయించి, నివేదికను 1891లో బొంబాయిలో అచ్చు వేయించారు. ఎవరైనా వచ్చి మళ్లీ చదివి చూసుకోవచ్చు. ఆ కాలానికి ఇంత పారదర్శకత చిన్న విషయం కాదు.

ఆచరణకు వాళ్లిచ్చిన సలహాలు ఇవి: రోగిని పడుకోబెట్టే మందివ్వాలి. ఛాతీకీ పొట్టకూ బిగువు బట్టలుండకూడదు. కన్ను ఊపిరి మీద నుంచి తప్పకూడదు. ఊపిరికి అడ్డం వస్తే తక్షణం మందు తీసేయాలి. నాడితో పని లేదు.

సాక్ష్యం గట్టిదే, మరి ప్రశ్న?

'నాడితో పని లేదు' అన్న చివరి మాట దగ్గరే చిక్కొచ్చింది. రక్తపోటు పడిపోవడం కమిషన్ వాళ్లకు కనిపించింది. అది మెదడులోని కేంద్రం వల్ల జరుగుతోంది, ప్రమాదం కాదు, పైగా మందు మెల్లగా ఎక్కేలా కాపాడుతోంది అని అర్థం చెప్పుకున్నారు. గీత నిజమే. దానికి చెప్పిన భాష్యం పరీక్షించి చూసింది కాదు.

1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ ఆ భాష్యాన్నే పరీక్షకు పెట్టారు. రెండు జంతువుల రక్తనాళాలను కలిపి, క్లోరోఫాం ఒకసారి మెదడుకు మాత్రమే, ఇంకోసారి మెదడు తప్ప మిగిలిన ఒంటికి మాత్రమే చేరేలా ఏర్పాటు చేశారు. మెదడుకు మాత్రమే వెళ్లినప్పుడు రక్తపోటు పడలేదు, పెరిగింది. గుండెకు వెళ్లినప్పుడు పడింది. అంటే మందు గుండెనే నేరుగా నలగ్గొడుతోంది. అదే ఏడాది లాన్సెట్ కూడా జంతువులను పక్కన పెట్టి, ఆసుపత్రుల్లో మత్తుమందుతో జరిగిన మనుషుల మరణాల వివరాలు రప్పించి నివేదిక వేసింది. అందులోనూ ఈథర్ కన్నా క్లోరోఫామే ఎక్కువ ప్రమాదకరమని తేలింది.

అసలు ముడి విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో ఆయన పిల్లులకు క్లోరోఫాం లైట్‌గా ఇచ్చి, అడ్రినలిన్ ఎక్కించి చూశాడు. గుండె గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టాయి. రక్తం ముందుకు కదలదు, క్షణాల్లో మరణం. మత్తు గాఢంగా ఉన్నప్పుడు ఇలా జరగలేదు. భయంతో ఒంట్లో అడ్రినలిన్ పొంగిన మనిషికి క్లోరోఫాం అప్పుడే మొదలుపెట్టినా, జాగ్రత్త పేరుతో కొంచెం ఇచ్చి ఆపి మళ్లీ ఇచ్చినా ఇదే ముప్పు. ఏడుస్తూ బల్లెక్కిన హన్నా గ్రీనర్ చావుకు అరవై మూడేళ్ల తర్వాత నమ్మదగిన వివరణ దొరికింది.

హైదరాబాద్‌లో ఇది ఎందుకు కనిపించలేదు? అడ్రినలిన్‌ను విడదీసింది 1901లో. గుండె విద్యుత్తును రాసే ఈసీజీ ఐంథోవెన్ చేతుల్లో 1903 నాటికి గానీ పనికి రాలేదు. అందాకా లారీ బృందాన్ని తప్పు పట్టలేం. కానీ ఒక ఆధారం మాత్రం ముందే ఉంది. గుండె గదుల వణుకే హఠాన్మరణానికి కారణం కావచ్చని ఆబర్డీన్‌కు చెందిన జాన్ మెక్‌విలియం 1889లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. బ్రంటన్ ఇండియాకు ఓడెక్కిన ఏడే అది! ఆ ఆధారం చేతికందే దూరంలో ఉన్నా కమిషన్ దృష్టి అటు పోలేదు. 'ఊపిరి ముందా, గుండె ముందా' అన్న ప్రశ్నతో కూర్చున్నారు కాబట్టి జవాబు ఆ రెంటిలో ఒకటే అయింది. 'ఏ పరిస్థితిలో ఏది ముందు' అని అడిగి ఉంటే ప్రయోగాల తీరే వేరుగా ఉండేది.

కాగితాల్లో చరిత్రకారులు ఏం వెతికారు

శాస్త్రవేత్తకు ఇక్కడితో కథ ముగిసింది. తప్పు తేలింది, ముందుకు పోదాం. చరిత్రకారుడి ప్రశ్నలు ఇక్కడ మొదలవుతాయి. బార్బరా డంకమ్ 1947లో మత్తుమందు ఆవిరుల వికాసం మీద రాసిన పెద్ద గ్రంథం దగ్గర్నుంచి, ఈ శతాబ్దంలో స్టెఫనీ స్నో చేసిన పని దాకా చూస్తే ఆ ప్రశ్నలు ఎలా మారాయో తెలుస్తుంది. తొలితరం 'ఎవరు ముందు, ఏ పరికరం ఎప్పుడు' అని వరుస కట్టింది. తర్వాతి తరం 'ఈ మాటను అప్పటివాళ్లు ఎందుకు నమ్మారు, ఎవరి మాటకు విలువ ఇచ్చారు' అని అడిగింది.

ఉదాహరణకు, ఇన్ని జంతువుల మీద ప్రయోగాలు లండన్‌లో ఎందుకు జరగలేదు? 1876లో బ్రిటన్‌లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. బతికున్న జంతువును కోయాలంటే లైసెన్సు ఉండాలి. జంతు ప్రయోగాల మీద అక్కడ నిరసనలు కూడా సాగుతున్నాయి. ఆ చట్టం ఇండియాకు వర్తించదు, నిజాం రాజ్యానికి అసలే వర్తించదు. ఇక్కడ వీధికుక్కలకు కొదవ లేదు, అడిగేవాడూ లేడు. వలస ఇండియాలో జంతువుల మీద జరిగిన ప్రయోగశాల పరిశోధన గురించి ప్రతీక్ చక్రవర్తి 2010లో రాసిన పరిశోధన వ్యాసం ఈ కోణాన్ని ముందుకు తెచ్చింది. హైదరాబాద్ క్లోరోఫాం కథలో కుక్కలు ఎందుకున్నాయన్నది కూడా చరిత్రే అని అలాంటి పని చూశాకే అర్థమవుతుంది.

ఇంకో ప్రశ్న డబ్బు గురించి. పరిశోధనకు సంస్థానాధీశుడు ఖర్చు పెడితే ఫలితం ఎటు మొగ్గుతుంది? నిజాంకు క్లోరోఫాంతో వ్యాపారం లేదు. తన రాజ్యంలోని వైద్య పాఠశాల పేరు లండన్‌లో వినబడాలన్న కోరిక మాత్రం ఉండడం సహజం. లారీకి గురుభక్తి, పంతం రెండూ ఉన్నాయి. తీర్పు ముందే రాసుకుని సాక్షులను పిలిచాడన్న విమర్శ ఆయన మీద ఎందుకొచ్చిందో ఆ గీతలు చూస్తే తెలియదు. ఆయన రాసిన ఉత్తరాలు, పత్రికల్లో నడిపిన వాగ్వాదాలు చదివితే తెలుస్తుంది.

రూపాబాయి: 'ప్రపంచంలోనే తొలి' అన్నప్పుడు

*క్లోరోఫాం కమిషన్ పేరెత్తితే హైదరాబాద్‌లో వెంటనే వినిపించే ఇంకో పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో వైద్య పాఠశాల ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు చేరిన పార్సీ యువతి. హకీం పట్టా పుచ్చుకుని, హైదరాబాద్ దవాఖానాల్లో మత్తుమందు ఇచ్చే పనిలో పేరు తెచ్చుకున్నారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి చదువుకుని తిరిగొచ్చారు.*

*ఆమెను 'ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు' అని రాస్తుంటారు. చరిత్ర పరిశోధన ఇక్కడ నెమ్మదిగా అడుగేస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఈరీలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ 1877లోనే ఆ పని చేశారు. ఆమె నర్సు, వైద్యురాలు కాదు. కాబట్టి 'తొలి' అనాలంటే ముందు డిగ్రీని లెక్కించాలా, పనిని లెక్కించాలా అన్నది తేల్చుకోవాలి. ఈ కిరీటం ఉన్నా లేకపోయినా, 1880లలో ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి రోగి ఊపిరి కాచిన హైదరాబాదీ అమ్మాయి కథ తగ్గిపోదు.*

పదేళ్లు తిరక్కుండానే బేగంపేటలో

కమిషన్ ముగిసిన ఎనిమిదేళ్లకు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవి ఎదుగుతున్న తిత్తులను చూశాడు. ఆ దోమలను తనకు కుట్టించుకోవడానికి ఒప్పుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. దోమలు పది. ఈ వివరాలు మనకు తెలుసంటే రాస్ కాగితం చింపకుండా దాచుకున్న అలవాటే కారణం. నోటుపుస్తకాలు, లండన్‌లోని తన మార్గదర్శి పాట్రిక్ మాన్సన్‌తో నడిపిన ఉత్తరాలు దాదాపు అన్నీ భద్రంగా ఉన్నాయి. బైనమ్, ఓవరీ అనే ఇద్దరు చరిత్రకారులు ఆ ఉత్తరాలను 1998లో పుస్తకంగా వేశారు.

వాటిలో ఎడ్వర్డ్ లారీ కూడా కనిపిస్తాడు, ఈసారి ఎదుటి పక్షంలో. ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ చూపించిన మలేరియా పరాన్నజీవి అసలు పరాన్నజీవే కాదని లారీ వాదించాడు. ఊపిరి విషయంలో సగం ఒప్పు, మలేరియా విషయంలో పూర్తి తప్పు. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో, కొన్ని మైళ్ల దూరంలో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు: ఒకరికి 1902లో నోబెల్, ఇంకొకరు ఇప్పుడు వైద్యులకే గుర్తులేరు. ఇద్దరికీ ఉన్నది ఒకే మొండితనం.

ఇప్పటి చరిత్రకారులు రాస్ గొప్పతనం దగ్గర ఆగడం లేదు. హుసేన్ ఖాన్‌కు ఆ అణాలు ఎంత అవసరమైతే ఒప్పుకుని ఉంటాడు? దోమల పురుగులు పట్టి తెచ్చి, పెంచి, సూక్ష్మదర్శిని దగ్గరికి చేర్చిన సహాయకులు ఎవరు? నోబెల్ పత్రంలో లేని పేర్లు నోటుపుస్తకంలో ఉంటాయి. చరిత్ర పరిశోధన వాటి కోసం వెతుకుతుంది.

విశాఖలో వెలిగిన దీపం

ఇదంతా విదేశీ పండితుల పనే అనుకుంటే పొరపాటు. వైద్య చరిత్రను ఒక శాస్త్రంగా తరగతి గదిలోకి తెచ్చిన తొలి భారతీయుల్లో తెలుగువాడు డి.వి. సుబ్బారెడ్డి ఉన్నారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1929లో వైద్య చరిత్ర సంస్థ పెట్టింది. ఆ సంస్థ పత్రికలో 1941లోనే సుబ్బారెడ్డి మధ్యయుగ దక్షిణ భారతంలో వైద్య సాయం మీద వ్యాసం రాశారు. 1944లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగం నెలకొల్పారు. 1956లో హైదరాబాద్‌లో ఉస్మానియా వైద్య కళాశాలలో ఏర్పడిన ఉన్నత స్థాయి విభాగానికీ ఆయనే సారథి. 1963 నుంచి ఆ విభాగం తన పత్రిక కూడా నడిపింది. అదే ఇప్పుడు హైదరాబాద్‌లోనే 'నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ మెడికల్ హెరిటేజ్'గా పనిచేస్తోంది.

మధ్యయుగ దక్షిణాదిలో వైద్యం అన్నప్పుడు మన నేల మీద దొరికే సాక్ష్యాలు తక్కువేమీ కాదు. ఇప్పటి ఏపీ సచివాలయానికి కూతవేటు దూరంలో ఉన్న మల్కాపురం శాసన స్తంభం క్రీ.శ. 1261 నాటిది. కాకతి రుద్రమదేవి కాలం. గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని భాగాలు చేసి, ఒక భాగం ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, సత్రానికీ కేటాయించారు. కాన్పులకు ప్రత్యేకంగా శాల, దానికి నిలకడైన ఆదాయం, అదీ రాతి మీద! అలాగని 'ఏడు వందల ఏళ్ల కిందటే మనకు మెటర్నిటీ ఆసుపత్రులున్నాయి' అని జెండా ఎగరేయడానికి తొందరపడకూడదు. శాసనం ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది. అక్కడ ఎన్ని కాన్పులయ్యాయో, ఎంతమంది తల్లులు బతికారో చెప్పదు. రాతి మీద ఉన్నంత మేరకే మాట్లాడడం చరిత్రకారుడికి మర్యాద.

బసవరాజీయం లాంటి గ్రంథాలది ఇంకో రకం సాక్ష్యం. సంస్కృత శ్లోకాలూ తెలుగు మాటా కలగలిసిన ఆ వైద్య గ్రంథం మన పల్లె వైద్యుల ఇళ్లలో తరాల పాటు చేతులు మారింది. మన వైద్యులు ఏం చదువుకున్నారో అది చెబుతుంది. చదువుకున్నది ఎంతవరకు చేశారో తెలియాలంటే వాళ్ల సొంత రాతలు కావాలి. ఫలానా రోగికి ఫలానా రోజు ఏం ఇచ్చాడు, తగ్గిందా లేదా అన్న రాతలు.

మీ ఇంటి అటక మీద

అలాంటి రాతలు మన దగ్గర వేగంగా పోతున్నాయి. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోయింది. వరదలు అక్కర్లేకుండానే చెదలు, చిత్తుకాగితాల బండి, ఇల్లు మారేటప్పటి విసుగు ఏటా అంతకు మించి మింగేస్తున్నాయి.

హైదరాబాద్ కమిషన్ చెప్పిన జవాబు సగం తప్పు. అయినా ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఈరోజు వేలు పెట్టి చూపించగలుగుతున్నామంటే, వాళ్లు ప్రతి గీతనూ ఫొటో తీయించి అచ్చు వేయించి పెట్టారు కాబట్టి. ఊపిరి మీద కన్ను వేయమన్న సలహాను మత్తు వైద్యులు ఇప్పటికీ పాటిస్తారు. నాడితో పని లేదన్న మాటను వదిలేశారు. ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తేల్చింది ఆ కాగితాలే.

తాతగారు ఆర్‌ఎంపీ అయినా, నాటువైద్యుడైనా, జిల్లా ఆసుపత్రిలో సర్జన్ అయినా ఆయన నోటుపుస్తకం, మందుల చీటీల కట్ట, కాన్పుల రిజిస్టరు, తాటాకు ప్రతి మీ ఇంట్లో ఉంటే పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. రోగుల పేర్లు బయటపెట్టక్కర్లేదు. దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో, రాష్ట్ర పురావస్తు ప్రాచ్య లిఖిత భాండాగారాలకో, హైదరాబాద్‌లోని వైద్య వారసత్వ సంస్థకో ఒక్క ఉత్తరం రాయండి. వాళ్లు తీసుకోకపోతే కనీసం స్కాన్ చేయించి ఇద్దరి దగ్గర ఉంచండి. ఆసుపత్రుల అధికారులకు కూడా ఇదే విన్నపం: గడువు తీరిన రికార్డులను తగలబెట్టే ముందు, వాటిలో వందేళ్లు దాటినవి ఏమైనా ఉన్నాయేమో ఒక చరిత్ర అధ్యాపకుణ్ని పిలిచి చూపించండి.